నగరపు వీధి – నడచు స్త్రీ

నగరమును కొలుచుటకు సాధనములు అనేకము కలవు. వీధి వెడల్పును సర్వేయరు గొలుసు చెప్పును. మురుగుకాలువ వాలును లెవెలు యంత్రము చెప్పును. ఒక కూడలిని గంటకు ఎన్ని బండ్లు దాటునో లెక్కించుటకు మనుష్యులను కూర్చుండబెట్టుట ఇంజనీర్లకు చిరకాలపు వాడుక. కాని పొద్దుగ్రుంకిన పిమ్మట పదునాలుగేండ్ల బాలిక ట్యూషను ముగించుకొని ఆ కూడలిని దాటి ఇల్లు చేరగలదా, చేరగలిగినను భయము లేకుండ చేరగలదా అను ప్రశ్నకు జవాబు చెప్పు సాధనము మాత్రము ఏ పురపాలక కార్యాలయమునందును చాలకాలము లేకుండెను. ఆ ప్రశ్న పోలీసులదని కొందరు, తల్లిదండ్రులదని కొందరు త్రోసివేసిరి. వీధిని వేసినవారికి కూడ అందులో పాలున్నదని ఒప్పుకొనుటకు నూరేండ్లు పట్టినది.

ఆ కథను లండను నుండి మొదలిడుట న్యాయము. 19వ శతాబ్దమున అది ప్రపంచమందలి మహానగరములలో మొదటిది. 1807లోనే అచట పాల్‌మాల్ వీధిలో గ్యాసుదీపములు వెలిగినవి. 1851లో హైడ్ పార్కున జరిగిన మహాప్రదర్శనలో జార్జి జెన్నింగ్సు అను ఇంజనీరు నీటితో కడుగబడు మరుగుదొడ్లను జనుల కొరకు అమర్చెను. ఒక పెన్నీ చెల్లించి వానిని వాడినవారు 8,27,280 మంది అని లెక్క తేలినది. ఈ లెక్కను చూచి నగరమున బహిరంగ మరుగుదొడ్లు కట్టవచ్చునను నమ్మకము కలిగెను. కాని తరువాతి అర్ధశతాబ్దమున కట్టినవానిలో అత్యధిక భాగము పురుషులకే. స్త్రీ ఇల్లు వెడలినది మొదలు మరల ఇల్లు చేరువరకు ఓర్చుకొనవలసినదే. పనికి పోవుట, అంగడికి పోవుట, బంధువులను చూడబోవుట అన్నియు ఆ గంటల లెక్కకు లోబడినవే. పశువు గుంజకు కట్టిన పలుపెంత పొడవో అంతవరకే మేయగలదు గదా. చరిత్రకారులు ఈ స్థితిని అట్టి పలుపుతోనే పోల్చుచున్నారు.

1900లో కామ్డెన్ టౌనునందలి ఒక కూడలిలో స్త్రీలకు మరుగుదొడ్డి కట్టవలెనను ప్రతిపాదన సెంట్ పాంక్రాసు స్థానికసంఘము ముందుకు వచ్చెను. ఆ సంఘపు సభ్యులలో నాటకకర్త జార్జి బెర్నార్డ్ షా ఒకడు. అట్టి కట్టడము ఇండ్ల విలువను తగ్గించునని ఇరుగుపొరుగు యజమానులు మొరపెట్టుకొనిరి. మర్యాదగల స్త్రీలు అట్టిచోట అడుగిడరని మరికొందరు వాదించిరి. రాకపోకలకు అడ్డమగునేమో చూతమని కొయ్యతో ఒక నమూనా చేసి నడిరోడ్డున నిలిపిరి. దారిన పోవు బండ్లవాండ్రు పనిగట్టుకొని దానిని గ్రుద్దుచు పోయిరి! నమూనాకు తగిలిన దెబ్బల లెక్కయే కట్టడము కూడదనుటకు సాక్ష్యమైనది. 1905 చివరకు గాని ఆ మరుగుదొడ్డి తలుపులు తెరచుకొనలేదు. పురుషులకు ఉచితముగా దొరకు సదుపాయమునకు బీదస్త్రీ పెన్నీ ఏల చెల్లించవలెనని షా 1909లో ఒక వ్యాసమున ప్రశ్నించెను. ఇది విని మనము నవ్వుకొననక్కరలేదు. ఆ పెన్నీ ప్రశ్ననే, రూపాయలలో, 2011లో ముంబయి నగరపు స్త్రీసంఘములు మరల అడుగవలసి వచ్చినది.

మరుగుదొడ్డి సంగతి క్షేమమునకు సంబంధించినదా అని కొందరికి తోచవచ్చును. సంబంధించినదే. స్త్రీలు నిలువలేని వీధిలో స్త్రీలు కనబడరు. స్త్రీలు కనబడని వీధిలో ఒంటరిగా నడచు స్త్రీకి భయము హెచ్చును. ఈ రెండవ సూత్రమును స్పష్టముగా వ్రాసిపెట్టినది న్యూయార్కు నగరమున హడ్సన్ వీధిలో కాపురముండిన పాత్రికేయురాలు జేన్ జేకబ్స్. ఆమెకు నగరనిర్మాణ శాస్త్రమున పట్టము లేదు. 1961లో వెలువడిన తన గ్రంథమునందు ఆమె తన మేడ కిటికీ నుండి చూచిన ఒక దృశ్యమును చెప్పినది. ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్ల ఒకతె ఒక మగవానితో పెనగులాడుచున్నది. తాను దిగిపోవుటా మానుటా అని జేకబ్స్ ఆలోచించునంతలో మాంసపుకొట్టు యజమానురాలు బయటికి వచ్చి నిలిచినది. పండ్ల వర్తకుడు, తాళములు బాగుచేయువాడు, చాకలికొట్టువాడు ఒక్కొక్కరుగా వచ్చిరి. తీరా చూడగా అతడా పిల్ల తండ్రియే! ఆ సంగతి అటుండనిండు. పోలీసు లేకుండ ఒక వీధి తన్ను తాను కాచుకొనుట ఎట్లో ఆమెకు అవగతమైనది. వీధివైపు తెరచుకొను వాకిళ్లు, ప్రొద్దుపోవువరకు తీసియుండు అంగళ్లు, వేర్వేరు వేళల వేర్వేరు పనులపై నడచు జనము ఉన్నచోట వీధిపై ఎప్పుడును ఎవరివో కన్నులుండును. నాలుగు దిక్కుల ప్రహరీగోడ లేచిన వీధికి ఆ కన్నులు లేవు.

ఆ కాలపు నగరనిర్మాతలు సరిగా దీనికి విరుద్ధమైన పని చేయుచుండిరి. ఇండ్లు ఒకచోట, అంగళ్లు మరియొకచోట, కచేరీలు వేరొకచోట పెట్టి నడుమ విశాలమైన మోటారు రహదారులను వేసిరి. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమున 1950ల నడుమ ప్రూయిట్-ఐగో అను 33 భవనముల వాటిక లేచినది. ఒక్కొక్కటి 11 అంతస్తులు. ఖర్చు తగ్గుటకై లిఫ్టు ప్రతి అంతస్తున కాక మూడింటికొకచోట మాత్రమే ఆగునట్లు చేసిరి. తక్కిన అంతస్తులవారు మెట్లమీదుగా ఎక్కియో దిగియో పోవలెను. ఎవరి ఇంటి వాకిలియు చూడని ఆ మెట్లదారులు దౌర్జన్యములకు నెలవులైనవి. 1972లో ఆ భవనములను కూల్చుట మొదలిడిరి. ఆ వాటిక పతనమునకు బీదరికము, వర్ణవివక్ష, మరమ్మతులకు డబ్బు లేకపోవుట కూడ కారణములే. నెపమంతయు లిఫ్టుమీద మోపుట తగదు. కాని లిఫ్టును పొదుపు చేసిన లెక్కలో మెట్లెక్కు స్త్రీ మాట లేకుండెనన్నది నిజము.

జేకబ్స్ 1968లో కెనడాలోని టొరాంటోకు తరలిపోయినది. 1980ల ఆరంభమున ఆ నగరమున స్త్రీలపై వరుసగా అత్యాచారములు, హత్యలు జరిగి ప్రజలు కలవరపడిరి. 1984లో మెట్రాక్ అను సంఘము ఏర్పడినది. రాత్రివేళ బయటికి రావద్దని స్త్రీలకు చెప్పుట అప్పటివరకు వాడుకయైన సలహా. మెట్రాక్ వారు ఆ సలహాను తలక్రిందులు చేసిరి: స్త్రీలు రాత్రివేళనే బయటికి వచ్చి, తమకు భయము కలుగు చోట్లను తామే చూచి వ్రాయవలెను. 1989లో వారు రూపొందించిన ఈ పద్ధతికి సేఫ్టీ ఆడిట్ అని పేరు. లెక్కల తనిఖీని ఆడిట్ అందుము గదా, ఇది వీధి తనిఖీ. ముగ్గురు మొదలు ఆరుగురు వరకు స్త్రీలు జట్టుగా ఒక బాటను నడతురు. దీపములు వెలుగుచున్నవా? ముందెంత దూరము కనబడుచున్నది? మలుపున, పొదల వెనుక ఎవరైన దాగియుండ వీలున్నదా? కేక వేసిన ఎవరికి వినబడును? పరుగెత్తవలసివచ్చిన ఎటు పోవలెను? ఇట్టివి ప్రశ్నలు. జవాబులను పటముపై గుర్తించి పురపాలక సంఘమునకు అందజేయుదురు.

ఫలితములు పెద్ద కట్టడములు కావు. భూగర్భ రైలు స్టేషనులలో గార్డు పెట్టె ఆగుచోటికి ఎదురుగా, మంచి వెలుతురున, మాట్లాడు యంత్రముతో కూడిన నిరీక్షణస్థలమును గుర్తించిరి. 1991 నుండి రాత్రివేళ బస్సులో పోవు ఒంటరి స్త్రీ కోరినచో రెండు స్టాపుల నడుమ తన ఇంటికి దగ్గరి చోట దింపు ఏర్పాటు చేసిరి. దీనికి సిమెంటు అక్కరలేదు, ఇనుము అక్కరలేదు. డ్రైవరుకు ఒక ఉత్తరువు చాలినది. తరువాత ఈ సౌకర్యమును ప్రయాణికులందరికిని విస్తరించిరి.

ఇచట దీపములనుగూర్చి కొంచెము శాస్త్రము చెప్పుకొనుట మంచిది. ఏలయన క్షేమమనగానే ఎక్కువ దీపములు పెట్టుడని అందరును అందురు. వెలుతురును లక్సు అను ప్రమాణమున కొలుతురు. నిండుపున్నమి వెన్నెల సుమారు పావు లక్సు మాత్రమే; అయినను పల్లెటూరి బాటన వెన్నెలలో మనకు దారి కనబడును. ఒకేతీరుగ పరచుకొనిన వెలుతురునకు కన్ను సర్దుకొనుటయే దానికి కారణము. నగరమున ఒక కంబము క్రింద నలుబది లక్సులుండి, రెండు కంబముల నడుమ చీకటియున్నచో కన్ను కాంతికి సర్దుకొని, చీకటిలోనున్న మనిషిని చూడజాలదు. కన్ను చీకటికి పూర్తిగ అలవాటుపడుటకు ఇరువది ముప్పది నిమిషములు కావలెను. నడచువాడు ఆ చీకటిని కొన్ని క్షణములలోనే దాటిపోవును. కనుక దీపముల సంఖ్య కన్న వాని సమత ముఖ్యము.

రెండవ సంగతి. రోడ్డు ఇంజనీర్లు కొలుచునది నేలమీద పడు వెలుతురు. మోటారు నడుపువానికి అదియే కావలెను. నడచు స్త్రీకి కావలసినది ఎదుటివాని ముఖము. అతడెవరో, అతని ఉద్దేశమేమో కనీసము నాలుగు మీటర్ల దూరమున తెలిసిననే ఆమె తప్పుకొని పోగలదు. ముఖము నిలువుగనుండు వస్తువు. నెత్తిమీద నిటారుగ పడు వెలుతురు కనుబొమల క్రింద నీడను నింపి ముఖమును మరుగుపరచును. ఎత్తయిన కంబములు రోడ్డుకు వెలుగిచ్చి, చెట్లకొమ్మల క్రిందనున్న కాలిబాటను చీకటిలో విడిచిపెట్టుట మన ఊళ్లలో ఎల్లరు చూచుచున్నదే. సరిగా పెట్టిన దీపము పనిచేయునా అను దానికి ప్రయోగపూర్వకమైన ఋజువు కూడ కలదు. 2016లో న్యూయార్కు నగరపు ప్రభుత్వ నివాసవాటికలలో కొన్నిటిని చీట్లు తీసినట్లు ఏరి, వానిలో తాత్కాలిక దీపస్తంభములు నిలిపిరి. దీపములు లేని వాటికలతో పోల్చి చూడగా రాత్రివేళ ఆరుబయట జరుగు తీవ్రమైన నేరములు సుమారు 36 శాతము తగ్గినట్లు పరిశోధకులు లెక్కించిరి.

దీపముతోనే పని తీరదని చూపినది ఆస్ట్రియా రాజధాని వియన్నా. 1991లో అచట ఎవా కైల్, యుట్టా క్లీడోర్ఫర్ అను నగరనిర్మాణ నిపుణురాండ్రు ఒక ఛాయాచిత్ర ప్రదర్శన నడిపిరి. ఎనిమిదిమంది స్త్రీలు, బాలికలు ఒక దినమున నగరములో ఎచటికి పోయిరో, ఎట్లు పోయిరో చూపు చిత్రములవి. బహిరంగ స్థలము ఎవరిదన్నది ఆ ప్రదర్శన వేసిన ప్రశ్న. నగరపు రాకపోకల లెక్కలను అప్పుడు స్త్రీపురుష భేదముతో విడదీసి చూచిరి. కారు ప్రయాణములలో మూడింట రెండు వంతులు పురుషులవి. నడకలలో మూడింట రెండు వంతులు స్త్రీలవి. పురుషుని ప్రయాణము తరచు ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి సాగు సరళరేఖ. స్త్రీది అట్లు కాదు. బిడ్డను బడిలో దింపి, పనికి పోయి, వచ్చునపుడు కూరలు కొని, ముసలితల్లిని వైద్యునికి చూపి ఇల్లు చేరవలెను. రోడ్లవారు సరళరేఖను మాత్రమే చూచి, దానికే వెడల్పులు నిర్ణయించుచుండిరి. 1992లో నగరపాలనమున స్త్రీల వ్యవహారములకొక కార్యాలయమును స్థాపించి, దానికి ఎవా కైల్‌ను అధిపతిగా నియమించిరి.

మరుసటి సంవత్సరమున స్త్రీ వాస్తుశిల్పులకు ఒక పోటీ పెట్టి, 357 ఇండ్ల వాటికను నిర్మింప పూనుకొనిరి. ఫ్రాంజిస్కా ఉల్మాన్ మొత్తపు పటమును గీసినది. ఎల్సా ప్రొఖాజ్కా, గిజేలా పొద్రేకా, లీజెలొట్టె పెరెట్టి ఆమెతో కలిసి ఇండ్లను రూపొందించిరి. 1997లో వాటిక పూర్తియైనది. వంటయిల్లు పెరటిగోడవైపు కాక పిల్లలాడు ముంగిలివైపు తిరిగియున్నది. మెట్లదారి వెడల్పుగనుండి, పగటి వెలుతురు ధారాళముగ పడును. పిల్లల తోపుడుబండ్లకు అంతస్తు అంతస్తున గది కలదు. బాలవాడి, వైద్యుని గది, మందులకొట్టు వాటికయందే కలవు. పై అంతస్తునుండి సయితము వీధిలోని మనిషిని గుర్తుపట్టవచ్చునంతకు మించి ఎత్తు లేపలేదు. ప్రూయిట్-ఐగో మెట్లను తలచుకొనినచో ఈ మెట్ల విలువ తెలియును.

ఈ వాటికకు పిమ్మట మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ పేరు పెట్టిరి. ఈమె 1926లో ఫ్రాంక్‌ఫర్టున కార్మికుల ఇండ్లకు వంటగదిని రూపొందించిన వాస్తుశిల్పి. పొయ్యినుండి తొట్టికి, తొట్టినుండి అలమరకు గృహిణి ఎన్ని అడుగులు వేయునో గడియారము పట్టి లెక్కించి, వానిని తగ్గించుటకు సామాను అమర్చినది. వంటయింటిలో స్త్రీ వేయు అడుగులు శాస్త్రమునకు తగినవని చూపినది ఆమె. వీధిలో వేయు అడుగులు అట్టివేయని ఒప్పుకొనుటకు మరి డెబ్బదియేండ్లు కావలసివచ్చినది. ఆమె 2000 జనవరిలో, 103వ పుట్టినదినమునకు కొలది దినములు ముందు, కన్నుమూసినది.

వియన్నావారి పనులలో నాకు అన్నిటికన్న విలువైనదిగ తోచునది ఉద్యానవనముల సంగతి. 1990ల నడుమ ఒక పరిశీలన జరిపిరి. తొమ్మిదేండ్ల వయస్సు దాటిన పిదప పార్కులకు వచ్చు బాలికల సంఖ్య హఠాత్తుగ పడిపోవుచున్నది. బాలుర సంఖ్య పడిపోవుట లేదు. వారిని ఎవరును వెడలగొట్టలేదు. దౌర్జన్యమేదియు పోలీసు పుస్తకమున నమోదు కాలేదు. నిండు వెలుతురున, నగరము నడుమ, బాలికలు నిశ్శబ్దముగ తొలగిపోవుచుండిరి. ఇనుపతడకలు చుట్టిన బంతియాట స్థలమునకు ఒకే ద్వారము; ఆ ద్వారము కడ నాలుగురు పెద్దపిల్లలు నిలిచిన చాలును, ఆడపిల్లలు లోనికి పోరు. నడిమి మైదానమంతయు ఫుట్‌బాల్‌కు పోగా మిగిలిన చోట కూర్చుండుటకేమియు లేదు.

1999లో ఐదవ వార్డగు మార్గరెటెన్‌లోని రెండు పార్కులను, ఐన్‌జీడ్లర్ పార్కును సాంక్ట్ యోహాన్ పార్కును, ప్రయోగముగ మార్చిరి. పెద్ద మైదానమును చెట్లతో, గట్లతో చిన్నచిన్న భాగములుగ విడదీసిరి. క్రొత్త నడకదారులు వేసిరి. వాలీబాల్, బాడ్మింటన్ స్థలములు చేర్చిరి. తడకలకు ద్వారములు పెంచిరి. మార్పు వెంటనే కనబడినది: ఒకరినొకరు త్రోసివేయకుండ వేర్వేరు జట్లు వేర్వేరు మూలల ఆడసాగినవి, బాలికలు మరల వచ్చిరి. బాలురకు ఉపన్యాసములు ఇయ్యలేదు, బాలికలకు ధైర్యము నూరిపోయలేదు. ద్వారముల సంఖ్య మాత్రము మారినది.

2002లో మారియాహిల్ఫ్ అను వార్డున ఇదే దృష్టితో కాలిబాటలను ఒక కిలోమీటరు మేర వెడల్పు చేసి, చీకటి మలుపులకు దీపములు, నిలువలేనివారికి బల్లలు ఏర్పరచిరి. 2013లో తమ అనుభవమునంతయు ఒక మార్గదర్శక గ్రంథముగ ప్రకటించిరి.

ఈ పద్ధతులకు హద్దులు లేకపోలేదు. స్త్రీలపై జరుగు హింసలో పెద్దభాగము అపరిచితునివలన వీధిలో జరుగునది కాదు; ఇంటిలో, తెలిసినవారి వలన జరుగునది. ఏ వీధిదీపమును అచటికి ప్రసరింపదు. మరియు, బిడ్డల బండి త్రోయుట, కూరలు మోయుట స్త్రీ పనులేయని నగరపటమున శాశ్వతముగ చెక్కివేయుచున్నారా అను విమర్శ వియన్నాలోనే వినవచ్చినది. విమర్శ సబబైనదే. కాని నేడు ఆ బరువు మోయుచున్నవారికి నేడే కాలిబాట కావలెను గదా.

మన దేశమునకు ఈ తనిఖీ పద్ధతి ఢిల్లీ ద్వారమున వచ్చినది. 1984లో అచట ఏర్పడిన జాగోరి అను స్త్రీసంఘము ఈ శతాబ్దపు మొదటి దశకమున నగరమున సేఫ్టీ ఆడిట్లు నడిపినది. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరము పిమ్మట, 2013లో కేంద్రప్రభుత్వము 1,000 కోట్ల రూపాయలతో నిర్భయ నిధిని నెలకొల్పినది. అదే సంవత్సరమున సేఫ్టీపిన్ అను ఫోను సాధనము వెలువడినది. వీధిని తొమ్మిది అంశములలో తూచుట దీని పద్ధతి: దీపము, చూపు ఆనుట, వీధిని చూచు వాకిళ్లు కిటికీలు, జనము, కాపలా, కాలిబాట, బస్సు రైలు సౌకర్యము, ఆ జనములో స్త్రీలెందరు, చివరకు నిలిచినవారి మనస్సునకు తోచు భావము. కారు అద్దమునకు ఫోను కట్టి, రాత్రి వీధులను ఫొటోలు తీసి, ఢిల్లీలో ఏడువేలకు పైగ చీకటిచోట్లను గుర్తించిరి. తరువాత వానిలో చాలభాగమునకు దీపములు వచ్చినవి. మొదటి ఎనిమిది అంశములను ఫొటోనుండి కొంతవరకు రాబట్టవచ్చును. తొమ్మిదవదానికి మనిషి అచట నిలువవలెను. ఇంజనీరునకు భావమును కొలుచుట వింతగ తోచవచ్చును. కాని ఒక స్త్రీ ఆ వీధిన పోవుటయా, చుట్టుదారి పట్టుటయా, లేక ఆ ఉద్యోగమే మానుకొనుటయా అన్నది తేల్చునది ఆ తొమ్మిదవ అంశమే.

2018లో కేంద్రప్రభుత్వము ఎనిమిది మహానగరములను సేఫ్ సిటీ పథకమునకు ఎన్నుకొనగా వానిలో హైదరాబాదు ఒకటి. ఇట్టి పథకములలో కెమేరాలకు, నిఘాకేంద్రములకు దక్కినంత శ్రద్ధ కాలిబాటకు దక్కుట అరుదు. కెమేరా జరిగినదానిని చూపును; కాలిబాటపై వేరుసెనగలు వేచు బండిదీపము, మల్లెపూల గంప ముందు కూర్చున్న ముసలమ్మ జరుగకుండ చూతురు. శుభ్రత పేరున తోపుడుబండ్లను తొలగించినపుడు ఆ కన్నులు కూడ తొలగిపోవును. 2014లో వచ్చిన వీధివ్యాపారుల చట్టమును జీవనోపాధి చట్టముగనే చూచుచున్నాము. స్త్రీల క్షేమమునకు కూడ అందులో చోటున్నదని నా అభిప్రాయము.

తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. చార్జీ భారముచేత ఇల్లు కదలనివారికి ఇది పెద్ద మేలు. అయితే బస్సు దిగినచోటినుండి ఇంటివాకిలి వరకు గల అరకిలోమీటరు ఏ టిక్కెట్టులోను లేదు. దానిని తనిఖీ చేయుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. నలుగురు స్త్రీలు, ఒక నోటుపుస్తకము, దీపములు పెట్టిన తరువాత ఒక గంట చాలును. వెలగని దీపమును కంబము సంఖ్యతో సహా వ్రాయవలెను. మూతలేని కాలువను, ఖాళీస్థలపు గోడను, తెరచియున్న ఆఖరు అంగడిని, అది మూయు వేళను వ్రాయవలెను. పట్టికను వార్డు కార్యాలయమున ఇచ్చి రసీదు తీసికొని, ఆరు మాసములకు అదే బాటను, అదే వేళకు, అదే పట్టికతో మరల నడువవలెను.